నీ తప్పు దాచకు, నీది కాని తప్పు మోయకు



ఈ చిన్న పుస్తకం మీ చేతికి వచ్చేసరికి మీ ఇంట్లో ఏదో ఒక పరీక్ష ఫలితమో, ఏదో ఒక ఫీజు గడువో నడుస్తూనే ఉంటుంది. చదువుకునే పిల్లలున్న ఇంట్లో ఆ గుబులు ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఈసారి పెద్ద సిద్ధాంతాల జోలికి పోకుండా, మన ఇళ్ళల్లో రోజూ ఎదురయ్యే ఒక ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. చదువుకునే బిడ్డ ఒక పరీక్ష తప్పినా, ఒక గడువు దాటబెట్టినా, ఒక పొరపాటు చేసినా దాన్ని ఎలా చూడాలి? ఆ బిడ్డ ఎలా చూసుకోవాలి, పెద్దలం మనం ఎలా చూడాలి? ధమ్మం ఇందులో మనకు ఏమైనా దారి చూపిస్తుందా?

నా తప్పుతో మొదలుపెడతాను

మా వాడలోని అంబేద్కర్ భవనంలో ప్రతి ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తాం. మొదట త్రిసరణం, పంచశీల చెప్పుకుంటాం. తర్వాత ఎవరి పుస్తకాలు వాళ్ళు తీస్తారు. పదో తరగతి దగ్గర్నుంచి డిగ్రీ దాకా వస్తారు. నేను చదివింది బి.ఏ. లెక్కలు, సైన్సు నాకు అంతంత మాత్రమే. అవి డిగ్రీ పిల్లలే చిన్నవాళ్ళకు చెప్తారు. నేను ఇంగ్లీషు, సోషలు చూస్తాను. దరఖాస్తులు నింపడం, సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం కూడా నా పనే.

రెండేళ్ళ క్రితం డిగ్రీ చదివే ఒక అమ్మాయి పరీక్ష ఫీజు గడువు దాటబెట్టింది. ఆమె పేరు రాయను. గడువు అయిపోయిన నాలుగు రోజులకు, అదీ వేరే పిల్లలు చెప్తే నాకు తెలిసింది. ఆ ఆదివారం అందరి ముందూ నిలబెట్టి అడిగాను. అడిగాను అనడం కూడా అబద్ధమే. తిట్టాను. "మీ అమ్మ ఎండలో పనిచేసి పంపిస్తుంటే నీకు తారీకు కూడా గుర్తుండదా? ఆ గోడ మీద బాబాసాహెబ్ ఫోటో చూడటానికి నీకు సిగ్గనిపించడం లేదా?" అన్నాను. ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. తల వంచుకుని కూర్చుంది. మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారం కూడా రాలేదనగానే నాకు భయమేసింది. వాళ్ళింటికి వెళ్ళాను.

అమ్మాయి బయటికి రాలేదు. వాళ్ళమ్మ మంచినీళ్ళిచ్చి సంగతి చెప్పింది. ప్రభుత్వం నుంచి రావాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా కాలేజీకి చేరలేదంట. ఆ బాకీ కడితేనే పరీక్ష ఫీజు తీసుకుంటామని కాలేజీ ఆఫీసులో అన్నారంట. అమ్మాయి మూడుసార్లు వెళ్ళింది, మూడుసార్లూ వెనక్కి పంపారు. పరీక్ష ఫీజు డబ్బులు బ్యాగులో అలాగే ఉన్నాయి. ఇంట్లో చెప్తే అప్పు తెస్తారని చెప్పలేదు. మరి మాకెందుకు చెప్పలేదని అడిగాను. "అక్క తిడతదని చెప్పలేదంటమ్మా" అంది వాళ్ళమ్మ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు అయిదుగురం కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాం. అపరాధ రుసుముతో కట్టడానికి ఇంకా రెండు రోజులు మిగిలి ఉంది. ప్రభుత్వం ఇవ్వాల్సిన బాకీకి పిల్లని బాధ్యురాల్ని చేయడం సరికాదని కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం అడిగాం. సంతకం పెట్టలేదు గానీ ఫీజు కట్టించుకున్నారు. అమ్మాయి పరీక్షలు రాసింది. ఒక పేపరు పోయింది. అది తర్వాత మళ్ళీ రాసి పాసయింది.

ఈ ఒక్క సంగతిలో ఎన్ని తప్పులున్నాయో చూడండి. రావాల్సిన డబ్బు సమయానికి ఇవ్వకపోవడం ఒక తప్పు. దానికి పిల్లని అడ్డుకోవడం ఇంకొక తప్పు. ఈ రెండూ అమ్మాయి చేసినవి కావు, ఆమె మీద జరిగినవి. మూడుసార్లు వెనక్కి పంపినా ఎవరికీ చెప్పకుండా గడువు దాటనివ్వడం మాత్రం ఆమె తప్పే. చెప్పడానికి భయపడేలా నేను మసలుకోవడం, విషయం అడక్కుండా నలుగురిలో తిట్టడం నా తప్పు. ఇన్ని తప్పుల్నీ కలిపి ఒకే మూట కట్టి ఆ పిల్ల నెత్తిన పెట్టాను.

తాలు వేరు, మంచికాయ వేరు

మాది గుంటూరు జిల్లా. మా అమ్మ మిరప కోతలయ్యాక కల్లాల్లో కాయలు ఏరే పనికి వెళ్ళేది. మిరప ఎరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. రంగు మంచిగా ఉన్న కాయ ఒక కుప్ప, రంగు పోయి తెల్లబడ్డ తాలు ఇంకొక కుప్ప. తాలు మంచికాయలో కలిస్తే మొత్తం బస్తాకే రేటు పడిపోతుంది. విడిగా ఏరితే తాలుకీ ఎంతో కొంత రేటు పలుకుతుంది. అమ్మ తాలుకాయను చూసి తిట్టేది కాదు, దాచేది కాదు. చూసి, తీసి, దాని కుప్పలో వేసేది. అంతే. కళ్ళు మండుతున్నా చేతులు తడబడేవి కావు.

చదువులో మనకు జరిగే వాటిని అలా ఏరుకోవడం మనం నేర్చుకోలేదు. మనలో కొందరు ఏం జరిగినా "ఇదంతా కులం వల్లే" అని ఒకే కుప్ప పోస్తారు. అప్పుడు మన చేతిలో ఉన్నది కూడా మార్చుకోలేం. ఇంకొందరు ఏం జరిగినా "నాకే చేతకాదు, నాదే తప్పు" అని ఒకే కుప్ప పోస్తారు. అప్పుడు పక్కవాడు చేసిన అన్యాయాన్ని కూడా మనమే మోస్తాం. మోసి మోసి ఒకరోజు కూలబడతాం. రెండిట్లోనూ బస్తా మొత్తానికి రేటు పడిపోతుంది.

మన తప్పుకు అంత బరువెందుకు?

పై కులం పిల్లాడు పరీక్ష తప్పితే "ఈసారి సరిగ్గా చదవలేదు" అంటారు. మన పిల్లాడు తప్పితే "రిజర్వేషన్ వాళ్ళు కదా" అంటారు. అతని తప్పు అతని ఒక్కడిది, అదీ ఈ ఒక్కసారిది. మన తప్పు మాత్రం మొత్తం వాడది, తరతరాలది అయిపోతుంది. అందుకే మన పిల్లలు తప్పుని చూడటానికే భయపడతారు. ఒక చిన్న పొరపాటు ఒప్పుకుంటే, మన గురించి వాళ్ళు అనే మాట నిజమని ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. కాబట్టి దాస్తారు.

నేనూ దాచాను. 1999లో బి.ఏ. రెండో సంవత్సరం ఇంగ్లీషు పేపరు తప్పాను. పదో తరగతి దాకా మా బడిలో ఇంగ్లీషు చెప్పే మాస్టారు సరిగ్గా లేరు, అది నా తప్పు కాదు. కానీ రాదని తెలిసి కూడా పరీక్ష నెల దాకా ఆ పుస్తకం ముట్టుకోలేదు చూడండి, అది నా తప్పే. ఇంట్లో మాత్రం "రిజల్ట్ ఆపారు" అని చెప్పాను. నాన్న అదే నిజమనుకుని వాడంతా చెప్పుకున్నాడు. సప్లిమెంటరీ ఫీజు అడగాలంటే నిజం చెప్పాలి. అది చెప్పలేక ఫీజు అడగలేదు. అలా ఒక అవకాశం చేతులారా పోగొట్టుకున్నాను. చాలా నెలల తర్వాత మార్కుల మెమో ఎవరో చదివిపెడితే నాన్నకు తెలిసింది. కొడతాడనుకున్నాను. "తప్పితే మళ్ళీ రాస్తావు. దాస్తే నేనేం జేసేదే?" అన్నాడు. నాన్నకు సంతకం పెట్టడం కూడా రాదు. కానీ ఆ మాటలో ఉన్న విషయం తర్వాత ధమ్మం చదివేటప్పుడు నాకు మళ్ళీ ఎదురైంది.

ఇంకొక బరువు కూడా ఉంది. బుద్ధుని మార్గంలోకి వచ్చి ఎన్నేళ్ళయినా మన నోళ్ళల్లో "నా ఖర్మ", "తలరాత" అనే మాటలు పోలేదు. పిల్ల పరీక్ష తప్పితే "మన రాత ఇంతే" అనేస్తాం. ఆ మాట చాలా సులువు. కానీ ఆలోచించండి: రాత అయితే మార్చేదేముంది? నేర్చుకునేదేముంది? పోయిన జన్మలో చేసిన దానివల్లే ఈ జన్మలో పేదగా, అంటరానివాడిగా పుట్టావని చెప్పే కర్మ సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో గట్టిగా తిరస్కరించారు. ధమ్మంలో కమ్మం అంటే మనం చేసే పని. చేసిన పనికి ఫలితం ఉంటుంది, పని మారితే ఫలితం మారుతుంది. అంటే తప్పు అనేది నుదుటి మీద రాసిపెట్టిన రాత కాదు, మనం చేసిన ఒక పని. ఇంకోలా చేయగలం. ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ అర్థమైతే సగం భయం పోతుంది.

రాహులుడికి చూపించిన అద్దం

బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చేసిన ఒక బోధ మజ్ఝిమ నికాయంలో ఉంది. రాహులుడు అప్పటికి చిన్నవాడు. బుద్ధుడు కాళ్ళు కడుక్కుని, గిన్నెలో కాసిని నీళ్ళు మిగిల్చి, వాటిని చూపించాడు. తెలిసి తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడని వాడిలో మంచితనం ఈ కాసిని నీళ్ళంతే మిగులుతుందన్నాడు. ఆ నీళ్ళు పారబోసి, గిన్నె బోర్లించి, చివరికి ఖాళీ గిన్నె చూపించి అదే విషయం చెప్పాడు. ఆ తర్వాత అద్దం ఎందుకని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అలాగే ప్రతి పనినీ చూసుకోమన్నాడు బుద్ధుడు. చేసే ముందు చూసుకో, చేస్తున్నప్పుడు చూసుకో, చేశాక చూసుకో. నీకు గానీ ఇతరులకు గానీ హాని చేసేదైతే చేయకు, మొదలుపెట్టి ఉంటే ఆపు. చేసేసి ఉంటే గురువుకో, తెలివైన తోటివారికో దాచకుండా చెప్పి, ఇకముందు జాగ్రత్తపడు.

అశోక చక్రవర్తి బైరాట్ శాసనంలో, భిక్ఖులూ ఉపాసకులూ తరచుగా వినాలని కొన్ని బోధల పేర్లు చెక్కించాడు. అబద్ధం గురించి రాహులుడికి చేసిన బోధ వాటిలో ఒకటి. రెండు వేల ఏళ్ళకు పైగా ఉపాసకులకు దీన్ని వినమని చెప్తూనే ఉన్నారన్నమాట.

ఈ బోధలో లేనిది ఏంటో కూడా గమనించండి. చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తంగా గుండు గీయించుకోమని లేదు, హోమం చేయించమని లేదు, ఏ దేవుడినో క్షమించమని వేడుకోమని లేదు. నువ్వు చెడ్డవాడివన్న మాట కూడా లేదు. ఉన్నవి మూడే: చూడు, చెప్పు, మార్చుకో. మా నాన్న అన్నదీ ఇదే. చూసిన తప్పుకు మందుంది. చెప్పిన తప్పుకు తోడుంటుంది. దాచిన తప్పుకు రెండూ ఉండవు. దాచడానికి ఒక అబద్ధం కావాలి, ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకొకటి కావాలి. మనం రోజూ చెప్పుకునే పంచశీలలో నాలుగో శీలం ఊళ్ళోవాళ్ళ కోసమే కాదు, మన మార్కుల మెమోకి కూడా వర్తిస్తుంది.

పెద్దలు తలచుకోవలసిన కథ

పిల్లలు చెప్పాలంటే వినేవాళ్ళు కూడా సరిగ్గా ఉండాలి. చూళపంథకుడి కథ మీలో చాలామంది విని ఉంటారు. అన్న మహాపంథకుడు అప్పటికే గొప్ప భిక్ఖు. తమ్ముడికి ఒక్క గాథ నేర్పబోతే నాలుగు నెలలైనా రాలేదు. నీకు ఇక్కడ పనిలేదు, ఇంటికి పొమ్మన్నాడు. ఏడుస్తూ గేటు దగ్గర నిలబడ్డ తమ్ముణ్ణి బుద్ధుడు లోపలికి తీసుకొచ్చి, ఒక తెల్లటి గుడ్డ ముక్క ఇచ్చి చేత్తో రుద్దుతూ ఉండమన్నాడు. రుద్దుతుంటే గుడ్డ మాసిపోయింది. ఇందాక శుభ్రంగా ఉన్నది ఇప్పుడిలా మారిందే అని చూస్తూ చూస్తూ అతను అనిత్యాన్ని అర్థం చేసుకున్నాడు. గాథ కంఠస్థం రాని వాడు అర్హతుడయ్యాడు.

అట్టకథల్లో అతని మందబుద్ధికి పోయిన జన్మ కారణం చెప్తారు. అది మనకక్కర్లేదు. మనకు కావలసింది ఇది: రాకపోతే అన్న తమ్ముణ్ణి తప్పుపట్టాడు, బుద్ధుడు నేర్పే పద్ధతిని మార్చాడు. నేను ఆ ఆదివారం మహాపంథకుడిలా ప్రవర్తించాను. మంచి ఉద్దేశమే, కష్టపడి నేర్పాలనే. కానీ పిల్ల గేటు బయటికి పోయింది. బాబాసాహెబ్ పేరు చెప్పి పిల్లల్ని సిగ్గుపడేలా చేసే అలవాటు మన కార్యకర్తల్లో ఉంది. ఆ ఫోటో ధైర్యం తెచ్చుకోవడానికి పెట్టుకున్నది. దాన్ని బెత్తంలా వాడకూడదు.

బాబాసాహెబ్ చదువులో అడ్డంకులు

ఆయన పరీక్షలన్నీ నల్లేరు మీద నడకలా పాసయ్యారని మనం పిల్లలకు చెప్తుంటాం. అది పూర్తి నిజం కాదు, పైగా పిల్లలకు దానివల్ల ఉపయోగం తక్కువ. ఆయన చదువు ఎక్కడ ఆగిందో, ఆగినప్పుడు ఏం చేశారో చెప్తే ఎక్కువ పనికొస్తుంది.

1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, గ్రేస్ ఇన్‌లో చేరారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. చదువు మధ్యలో వదిలి తిరిగి రావాల్సి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. వేరే ఓడలో పంపిన ఆయన పుస్తకాలు, సామాను ఓడతోపాటు సముద్రంలో మునిగిపోయాయి. ఇది ఆయన తప్పా? కాదు. కానీ వచ్చే ముందు ఆయన తన చేతిలో ఉన్న పని ఒకటి చేసుకున్నారు. నాలుగేళ్ళలోపు తిరిగి వచ్చి చదువు కొనసాగించడానికి విశ్వవిద్యాలయం నుంచి అనుమతి తీసుకున్నారు. వెళ్ళిపోతూ కూడా తలుపు తెరిచిపెట్టుకుని వెళ్ళారు. బొంబాయిలో ప్రొఫెసరు ఉద్యోగం చేసి డబ్బు కూడబెట్టి 1920లో మళ్ళీ లండన్ చేరారు.

1922లో రూపాయి సమస్య మీద డి.ఎస్సీ. సిద్ధాంత గ్రంథం సమర్పించారు. పరీక్షకులు ఒప్పుకోలేదు, తిరిగి రాయమన్నారు. అప్పటికి ఆయన వయసు ముప్పై దాటింది, ఇంట్లో భార్యాపిల్లలు ఇబ్బందుల్లో ఉన్నారు. బ్రిటిష్ ప్రభుత్వ విధానాన్ని ఆయన విమర్శించిన తీరు వాళ్ళకు మింగుడు పడలేదని జీవిత చరిత్రకారులు రాశారు. ఆయన ఏం చేశారు? గ్రంథాన్ని సవరించి మళ్ళీ పంపారు, కానీ తన నిర్ణయాలు మార్చుకోలేదు. 1923లో డి.ఎస్సీ. పట్టా వచ్చింది, ఆ గ్రంథం పుస్తకంగా కూడా అచ్చయింది.

ఇందులో రెండు కుప్పలు మీకు కనబడుతున్నాయా? రాసిన తీరులో సవరించదగ్గది ఉంటే సవరించడానికి ఆయనకు అహం అడ్డురాలేదు. ఎదుటివాళ్ళకు నచ్చలేదని సత్యాన్ని వదులుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఏది తన తప్పు, ఏది ఎదుటివాళ్ళ ఇబ్బంది అన్నది ఆయన ఏరుకోగలిగారు.

మన మీద జరిగే తప్పుల సంగతేంటి?

ఇక్కడ ఒక యువకుడు లేచి అడగొచ్చు: "అక్కా, అన్యాయం వాళ్ళు చేస్తుంటే, మమ్మల్ని మేమే తప్పులు వెతుక్కోమంటారా?" సరైన ప్రశ్నే. 2007లో ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితి మీద సుఖదేవ్ థోరట్ కమిటీ ఇచ్చిన నివేదిక చూస్తే, దేశంలో పెద్ద పేరున్న వైద్య కళాశాలలో కూడా అధ్యాపకుల దగ్గర, హాస్టల్లో మన పిల్లలపై వివక్ష ఉందని తెలుస్తుంది. అక్కడ మార్కులు తగ్గిన పిల్లాణ్ణి "నీ లోపం చూసుకో" అని మాత్రమే చెప్పి వదిలేస్తే, అది ధమ్మం పేరుతో చేసే అన్యాయం అవుతుంది.

కాబట్టి నా సమాధానం ఇది. మన తప్పుని మనం చూసుకోవడం ఎదుటివాడి తప్పును క్షమించడం కోసం కాదు. మన వైపు లెక్క సరిగ్గా ఉంటేనే వాళ్ళ వైపు లెక్క ధైర్యంగా అడగగలం. ఆ అమ్మాయి విషయంలో ప్రిన్సిపాల్ మొదట ఏమన్నారో తెలుసా? "గడువు లోపల ఎందుకు ఫిర్యాదు చేయలేదు?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. మొదటిసారి వెనక్కి పంపిన రోజే ఒక కాగితం రాసి ఇచ్చి ఉంటే ఆ మాట అనగలిగేవారు కాదు. మన తప్పు వాళ్ళ తప్పుకు గొడుగు పట్టింది.

బోధించు, సమీకరించు, పోరాడు అన్న నినాదం మన సభల్లో ఎన్నోసార్లు వింటాం. సమీకరించడం అంటే జనాన్ని కూడగట్టడమే అనుకుంటాం. ముందు మన కాగితాల్ని, మన రోజుని, మన మనసుని ఒక చోటికి తెచ్చుకోవడం కూడా సమీకరణే.

పద్ధతి అంటే అప్పమాదమే

బుద్ధుడు కుసినారాలో చివరిసారి చెప్పిన మాట అప్పమాదం గురించే. ఏమరుపాటు లేకుండా ఉండటం. దీన్ని ధ్యానం చేసేవాళ్ళకే అనుకోవద్దు. చదువుకునే పిల్లకి తారీకు గుర్తుపెట్టుకోవడం కూడా అప్పమాదమే. "రాత్రిళ్ళు షాపులో పనిచేసి వచ్చే నాకు పద్ధతి ఎక్కడ కుదురుతుంది అక్కా?" అని ఒక అబ్బాయి అడిగాడు. నిజమే, వాడికి టేబుల్ లేదు, గది లేదు. అయితే డబ్బున్న పిల్లాడు గడువు దాటబెడితే వాళ్ళ నాన్న ఒక ఫోన్ చేస్తాడు. మనకు ఆ ఫోన్ లేదు. వెసులుబాటు తక్కువ ఉన్నవాడికే పద్ధతి ఎక్కువ కావాలి. మా భవనంలో పిల్లలు పాటిస్తున్నవి నాలుగే నాలుగు.

మొదటిది, కాగితాలు. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, మార్కుల మెమోలు, ఆధార్, బ్యాంకు పుస్తకం అన్నీ ఒకే ఫైల్లో, ఒకే చోట. జిరాక్సులు విడిగా. ఫోటోలు తీసి మీ ఫోన్లో ఒకటి, నమ్మకమైన ఇంకొకరి ఫోన్లో ఒకటి ఉంచండి. మా అమ్మ రేకు పెట్టె అడుగున కవర్లో చుట్టి దాచిన పదో తరగతి సర్టిఫికెట్ లేకపోతే, ఒక వానాకాలం తర్వాత నా చదువే ఉండేది కాదు.

రెండోది, గోడ క్యాలెండరు. ఫీజుకైనా దరఖాస్తుకైనా చివరి తేదీకి పది రోజుల ముందు ఎర్ర గుర్తు పెట్టండి. మనకు చివరి తేదీ అదే అనుకోండి. సర్వర్ పనిచేయకపోయినా, క్లర్కు సెలవు పెట్టినా, ఎవరైనా వెనక్కి పంపినా ఆ పది రోజులు మన చేతిలో ఉంటాయి.

మూడోది, రెండు గడుల నోట్‌బుక్. పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమ పక్క "నా వల్ల జరిగింది", కుడి పక్క "నా మీద జరిగింది". వారానికి ఒకసారి, పావుగంట చాలు. ఎడమ పక్క రాసిన ప్రతిదాని కింద "ఇకముందు ఏం మార్చుకుంటాను" అని ఒక్క వాక్యం రాయండి. "బాగా చదవాలి" అని రాయొద్దు, దానికి అర్థం లేదు. "మంగళవారం సాయంత్రం గ్రామర్ పది లెక్కన చేస్తాను" అని రాయండి. కుడి పక్క రాసిన దాని కింద తేదీ, ఎవరు ఏమన్నారు, ఎవరిని కలవాలి అన్నది రాయండి. ఎడమ గడి మన అద్దం. కుడి గడి మన ఫిర్యాదు పత్రం. ఏది ఎటు రాయాలో తేలకపోతే రెండు పక్కలా రాయండి. చాలాసార్లు రెండిట్లోనూ ఉంటుంది.

నాలుగోది, ఒక కల్యాణ మిత్రుడు లేదా మిత్రురాలు. మంచి స్నేహం ధమ్మ జీవితంలో సగం కదా అని ఆనందుడు అంటే, సగం కాదు మొత్తం అదే అని బుద్ధుడు సరిదిద్దాడు. ఆ నోట్‌బుక్‌ని చూపించుకోగల ఒక్క మనిషి ఉంటే చాలు. తిట్టని మనిషి, పొగడని మనిషి. ఆ మనిషి నోట్‌బుక్‌ని మీరు కూడా చూడాలి.

ఈ నాలుగూ చేస్తే ఫస్టు క్లాసు వస్తుందని నేను చెప్పను. మా దగ్గర కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. కానీ ఒక పేపరు పోయిందని చదువే వదిలేసినవాళ్ళు తగ్గారు. నాకు అది చాలు.

మనం అడిగించుకుందాం

వర్షావాసం ముగిసే ఆశ్వీయుజ పున్నమి రోజున భిక్ఖులు పవారణ చేసుకుంటారు. ప్రతి భిక్ఖూ సంఘం ముందు కూర్చుని, మీరు నాలో చూసినా, విన్నా, అనుమానించినా నా తప్పు చెప్పండి, సరిదిద్దుకుంటానని కోరతాడు. ఒక పవారణ నాడు బుద్ధుడే భిక్ఖుల్ని, నా నడతలో, నా మాటలో మీకు తప్పు కనిపించిందా అని అడిగిన సంగతి సంయుత్త నికాయంలో ఉంది. బుద్ధుడంతటి వాడు అడిగించుకున్నాడు. మనం ఎంత?

పోయిన ఏడాది ఆ పున్నమి నాడు మా భవనంలో పిల్లల ముందు కూర్చుని నేనూ అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ అమ్మాయి, అప్పటికి మళ్ళీ వస్తోంది, లేచి నిలబడి, "అక్కా, మీరు ముందు అడగండి. తర్వాత కావాలంటే తిట్టండి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి నా నోట్‌బుక్‌లో ఎడమ పక్క రాసుకున్నాను. కింద "ముందు అడుగుతాను" అని రాశాను. ఇప్పటికీ ఒక్కోసారి మర్చిపోతాను. అప్పుడు మళ్ళీ రాసుకుంటాను.

చదువుతున్న తమ్ముడూ, చెల్లెమ్మా! మీరు ఎవరికీ చెప్పకుండా మోస్తున్నది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఈ రాత్రి ఒక కాగితం తీసి మధ్యలో గీత గీయండి. నీది ఏదో, నీది కానిది ఏదో ఏరుకో. నీదైనదాన్ని ఒక్కరికి చెప్పు. నీది కానిదాన్ని మా దగ్గరికి తీసుకురా, కలిసి అడుగుదాం.

తల్లిదండ్రులారా, పెద్దలారా! బిడ్డ వచ్చి "తప్పాను" అంటే మొదటి మాట జాగ్రత్త. ఆ ఒక్క మాటను బట్టే రేపు మళ్ళీ మీ దగ్గరికి వస్తుందో, గేటు బయట నిలబడి ఏడుస్తుందో తేలుతుంది.

జై భీమ్! నమో బుద్ధాయ!